ఇంట్లో రికార్డింగ్ స్టూడియో: పునాది నుంచి మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అన్నిటికంటే ముందు ఏం కొనాలి?

ఏమీ కొనవద్దు. స్టూడియో ఆలోచన రాగానే మనసు మైకుల మీదికి పోతుంది, అది సహజమే. కానీ మైకు తన ముందున్నదంతా పట్టుకుంటుంది. గది మోగుతుంటే ఆ మోతనూ, పక్క గదిలో ఫ్రిజ్ నడుస్తుంటే ఆ హోరునూ పట్టుకుంటుంది. మైకు ఎంత మేలైనదైతే ఆ లోపాలు అంత స్పష్టంగా వినిపిస్తాయి. అందుకే మొదటి వారం గదికి ఇవ్వండి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి ఆ గదిలో ఫ్యాను ఆపి, తలుపు మూసి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోనులో రికార్డు చేసి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. రోజూ ఉన్నా చెవికి ఆనని శబ్దాలు అప్పుడు బయటపడతాయి: నీళ్ల మోటారు, పై అంతస్తు అడుగులు, వీధిలో ఆగి ఉన్న బండి ఇంజను.

రెండో పని, మీరు ఏం రికార్డు చేస్తారో తేల్చుకోవడం. మాట, గాత్రం మాత్రమే అయితే చిన్న నిశ్శబ్దమైన చోటు చాలు. మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసిన ట్రాకులను కలిపి సమం చేయడం) చేయాలంటే గదిలో బేస్, అంటే కింది స్థాయి స్వరాలు, సమంగా వినబడాలి. డ్రమ్స్ వాయించాలంటే శబ్దం గోడలు దాటకుండా కట్టాలి. ఈ మూడింటికీ పెట్టే ఖర్చు వేరు, చేసే పని వేరు. చాలామంది ఇది తేల్చుకోకుండా మూడింటికీ సగం సగం ఖర్చుపెట్టి ఏదీ పూర్తిచేయలేకపోతారు.

ఇంట్లో ఏ గదిని ఎంచుకోవాలి?

ఎంపిక మీ చేతిలో ఉంటే ఉన్నవాటిలో పెద్దది, పైకప్పు ఎత్తుగా ఉన్నది, వీధికి దూరంగా ఉన్నది తీసుకోండి. స్నానాల గది కింద, లిఫ్టు పక్కన, నీటి పైపులు పోయే గోడ దగ్గర వద్దు. నేల అంతస్తు చాలా మేలు. కింద బరువైన నేల ఉంటుంది, అడుగుల చప్పుడుకు ఫిర్యాదు చేసేవారు ఉండరు.

ఆకారం మాట ఇంకా ముఖ్యం. ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుంటూ కొన్ని పౌనఃపున్యాల (సెకనుకు ఇన్ని కంపనాలన్న లెక్క, కొలత హెర్ట్జ్) దగ్గర నిలిచిపోతుంది. ఆ స్వరాలు కొన్నిచోట్ల ఉబ్బిపోతాయి, కొన్నిచోట్ల మాయమవుతాయి. లెక్క సులువు: ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మొదటి అనునాదం వస్తుంది. 4 మీటర్ల పొడవుకు అది సుమారు 43 హెర్ట్జ్. వెడల్పు 3.2 మీటర్లయితే 54, ఎత్తు 2.7 మీటర్లయితే 64 దగ్గర. మూడూ వేర్వేరు చోట్ల పడ్డాయి కాబట్టి ఫర్వాలేదు. అదే పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 3 మీటర్లున్న గదిలో మూడూ 57 దగ్గరే పోగుపడతాయి. బేస్ గిటార్‌లో ఒక్క స్వరం మాత్రం గది మొత్తం గర్జిస్తుంది. చదరపు గది, ముఖ్యంగా ఘనంలాంటి గది, ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. కొత్తగా కడుతున్నవారు ఈ మూడు కొలతల్లో ఏ రెండూ సమానంగా లేకుండా, ఒకటి మరొకదానికి సరిగ్గా రెట్టింపు కాకుండా చూసుకుంటే చాలావరకు గండం గడిచినట్టే.

సౌండ్‌ప్రూఫింగ్, అకౌస్టిక్ ట్రీట్‌మెంట్ రెండూ ఒకటే కదా?

కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్ల వృథా అయినంత డబ్బు ఇంటి స్టూడియోల విషయంలో మరి దేనివల్లా కాలేదని నా అభిప్రాయం.

మొదటిది శబ్దం గోడ దాటకుండా ఆపడం. దానికి బరువు కావాలి. రెండోది గది లోపల పుట్టిన శబ్దం గోడలకు తగిలి తిరిగి రాకుండా పీల్చుకోవడం. దానికి గాలి చొరబడే మెత్తని పదార్థం కావాలి. గాలి చొరబడేది గోడ అవతలికి పోయే శబ్దాన్ని ఆపలేదు. కాబట్టి నాలుగు గోడలకూ ఫోమ్ అంటించినా పక్కింటివారికి మీ పాట వినబడుతూనే ఉంటుంది. గోడలు ఎంత మందంగా కట్టినా లోపల ఏమీ పెట్టకపోతే గది బావిలా మోగుతూనే ఉంటుంది. ఏ సమస్య మీది అన్నది ముందు తెలుసుకోండి, దాని పరిష్కారానికే డబ్బు పెట్టండి.

కోడిగుడ్ల అట్టలు అంటిస్తే పనిచేస్తాయా?

చేయవు. పలుచని కాగితం శబ్దాన్ని ఆపలేదు, పీల్చుకోనూ లేదు. పై స్థాయి స్వరాలను కొద్దిగా చెదరగొడుతుంది, అంతే. పైగా త్వరగా అంటుకుని మండుతుంది.

శబ్దం బయటికి పోకుండా గదిని ఎలా కట్టాలి?

నాలుగు సూత్రాలు ఉన్నాయి: బరువు, గాలి సందు లేకపోవడం, విడదీయడం, కంపనాన్ని చంపడం. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు.

బరువు గురించి అందరికీ తెలుసు. గోడ బరువు రెట్టింపు చేస్తే సిద్ధాంతం ప్రకారం దాటే శబ్దం సుమారు 6 డెసిబెల్ తగ్గుతుంది. మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్ తగ్గాలి. అంటే బరువొక్కటే పెంచుకుంటూ పోతే గోడ కోటగోడ అవుతుంది కానీ ఫలితం అందుకు తగ్గట్టు రాదు.

అందుకే విడదీయడం. ఉన్న గది లోపల, దాని గోడలకు తగలకుండా, ఇంకో గదిని నిలబెడతారు. సొంత చట్రం, దానిపై రెండు పొరల జిప్సం బోర్డు, రెండు బోర్డుల మధ్య కంపనాన్ని వేడిగా మార్చే జిగురు, చట్రంలోని ఖాళీలో రాక్‌వూల్ (రాతి పీచు) లేదా గ్లాస్‌వూల్ (గాజు పీచు). నేలను కూడా రబ్బరు దిండ్ల మీద తేలేలా వేస్తారు. లోపలి చట్రం బయటి గోడను ఒక్క మేకుతోనైనా తాకితే శబ్దానికి అదే వంతెన. పనివారికి ఈ సంగతి మొదటి రోజే చెప్పి దగ్గరుండి చూసుకోండి. అలవాటుగా ఎక్కడో ఒకచోట గట్టిగా ఉండాలని గోడకు బిగించేస్తారు, బోర్డు మూసేశాక అది ఎవరికీ కనబడదు.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక చిక్కు ఉంది. రెండు బరువైన పొరలు, మధ్యలో గాలి: ఇది బాగా పనిచేస్తుంది. ఆ మధ్యలో మూడో పొర పెడితే ఇంకా మేలని అనిపిస్తుంది, కానీ తక్కువ స్వరాల దగ్గర ఫలితం దిగజారుతుంది. ఎందుకంటే ఒక్క పెద్ద గాలి ఖాళీ రెండు చిన్న ఖాళీలుగా మారి, అవి మోగే పౌనఃపున్యం పైకి జరుగుతుంది. కాబట్టి ఇప్పటికే జిప్సం బోర్డు ఉన్న గోడ ముందు మరో గోడ కట్టే ముందు పాత బోర్డును తీసేయడం మంచిది. మూడు సన్నని పొరల కంటే అదే బరువుతో రెండు మందమైన పొరలు మేలు.

గాలి సందు సంగతి. చిల్లు కుండలో నీళ్లు ఆగవన్నట్టే ఉంటుంది ఇక్కడి లెక్క. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే, మిగతా గోడ ఎంత గొప్పగా కట్టినా మొత్తం మీద 20 డెసిబెల్‌కు మించి ఆపలేదు. స్విచ్‌బోర్డు వెనక రంధ్రం, తలుపు కింది సందు, బోర్డు నేలను తాకే అంచు, అన్నిటినీ ఎప్పటికీ గట్టిపడని సీలెంట్‌తో మూసేయాలి. ఇందుకయ్యే ఖర్చు చాలా తక్కువ. వచ్చే ఫలితం చాలా ఎక్కువ.

గది లోపల గది కడితే ప్రతి వైపూ సుమారు 15 సెంటీమీటర్ల వరకు చోటు పోతుంది, స్లాబు మీద గణనీయమైన బరువు పడుతుంది. పై అంతస్తులో కట్టేవారు నిర్మాణ ఇంజనీరు చూసి సరేనన్న తరువాతే మొదలుపెట్టాలి. ఇందులో మినహాయింపు లేదు.

తలుపు, కిటికీల మాటేమిటి?

గది ఎంత బలంగా కట్టినా తలుపే బలహీనమైన చోటు. లోపల బోలుగా ఉన్న తలుపు తీసేసి నిండు చెక్క తలుపు పెట్టండి. నాలుగు అంచులా రబ్బరు సీలు, కింద మూసినప్పుడు దిగి గడపకు అంటుకునే పట్టీ పెట్టించండి. ఎక్కువ నిశ్శబ్దం కావాలంటే ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. కిటికీ అవసరం లేకపోతే మూసేయడం ఉత్తమం. వెలుతురు కావాలంటే వేర్వేరు మందాల గాజు పలకలు రెండు, మధ్యలో వీలైనంత ఎక్కువ ఖాళీ వదిలి, ఒక్కొక్కటి ఒక్కో చట్రంలో. రోజంతా కిటికీ లేని గదిలో పనిచేయడం అందరికీ పడదు. మీ మనసు కూడా ఆ గదిలో ఉండాలి కదా, ఆ వెలుతురు కోసం కొన్ని డెసిబెల్‌లు వదులుకోవడం తప్పేమీ కాదు.

గాలి ఆడకుండా మూసేస్తే ఊపిరి ఎలా?

చాలా మంచి ప్రశ్న, చాలామంది గది పూర్తయ్యాక అడిగే ప్రశ్న. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది, కొత్త గాలిని తీసుకురాదు. ఇద్దరు ముగ్గురు మూసిన గదిలో రెండు గంటలు పాడితే తలనొప్పి మొదలవుతుంది. గాలి లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి ముందే ప్లానులో ఉండాలి. ఆ దారిలో శబ్దం రాకుండా, లోపలి వైపు రాక్‌వూల్ లాంటి పొర వేసిన పెట్టెలో గాలి రెండు మూడు మలుపులు తిరిగి వచ్చేలా చేస్తారు. గొట్టం వెడల్పుగా ఉంచి ఫ్యానును నెమ్మదిగా తిప్పితే గాలి చప్పుడు ఉండదు. సన్నని గొట్టంలో వేగంగా తోలితే మైకులో ఈల వినిపిస్తుంది.

కరెంటు వైరింగ్ విషయంలో ఏం చూసుకోవాలి?

ఆడియో పరికరాలకు ప్రధాన బోర్డు నుంచి విడిగా ఒక సర్క్యూట్ వేయించండి, ఏసీ, ఫ్రిజ్ దాని మీద ఉండకూడదు. ఎర్తింగ్ బాగుండాలి. హెడ్‌ఫోన్లలో గుయ్‌మనే హోరు వస్తే, అది చాలాసార్లు రెండు పరికరాలు వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ తీసుకోవడం వల్ల పుట్టిన వలయం. అన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపి చూడండి. హోరు పోవడానికి ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చేతిలో ఇనుప తీగల గిటార్, పెదవుల దగ్గర లోహపు మైకు ఉన్న మనిషికి ఆ ఎర్తే ప్రాణరక్షణ.

మైకు నుంచి వచ్చే దారికి బ్యాలెన్స్‌డ్ కేబుళ్లే వాడండి. రెండు తీగల్లో ఒకే సంకేతం తలకిందులుగా పోతుంది, దారిలో చేరిన హోరు రెంటిలోనూ ఒకేలా ఉంటుంది. చివర ఒకదాన్ని తిప్పి కలిపితే హోరు రద్దవుతుంది, పాట మిగులుతుంది. వెలుతురు తగ్గించే డిమ్మర్ స్విచ్‌లు స్టూడియోలో వద్దు.

గది లోపలి మోతను ఎలా తగ్గించాలి?

ఈ శాస్త్రానికి పునాది వేసింది వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాటలు కలగాపులగమై ఎవరికీ అర్థం కాకపోవడంతో, 1895లో దాన్ని సరిచేసే పని ఆయనకు అప్పగించారు. రాత్రి వేళల్లో పక్కనున్న థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఒక ఆర్గన్ గొట్టాన్ని మోగించి ఆపి, శబ్దం పూర్తిగా ఆగేందుకు పట్టే సమయాన్ని చెవితో విని కొలిచారు. ఆయన చెప్పిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే, శబ్దం 60 డెసిబెల్ తగ్గడానికి పట్టే సెకన్లు వస్తాయి.

ఒక చిన్న గదికి వేసి చూద్దాం. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు అంటే సుమారు 32 ఘనపు మీటర్లు. చిన్న స్టూడియో గదికి 0.2 నుంచి 0.4 సెకన్ల మధ్య ఉంటే బాగుంటుంది. 0.3 కావాలంటే శబ్దాన్ని పూర్తిగా పీల్చుకునే ఉపరితలం సుమారు 17 చదరపు మీటర్లు అవసరం. చిన్న గదుల్లో, ముఖ్యంగా బేస్ దగ్గర, ఈ సూత్రం ఖచ్చితంగా పనిచేయదు కానీ అంచనాకు పనికొస్తుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల పొడవు ఉన్న శబ్దం పీల్చే పలక వైశాల్యం 0.72 చదరపు మీటర్లు. సోఫా, తివాచీ, మనుషులు కొంత పీల్చుకున్నా, గోడకు నాలుగు చిన్న ఫోమ్ ముక్కలు అంటిస్తే ఎందుకు చాలదో ఈ లెక్కతో తెలుస్తుంది.

పలకలు మీరే చేసుకోవచ్చు. 10 సెంటీమీటర్ల మందం రాక్‌వూల్, చుట్టూ చెక్క చట్రం, పైన నోటితో ఊదితే గాలి అవతలికి పోయే గుడ్డ. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి, ఆ పీచు చర్మానికి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. పలకను గోడకు అంటించకుండా దాని మందమంత ఖాళీ వదిలి వేలాడదీస్తే ఇంకా కింది స్వరాలను కూడా పట్టుకుంటుంది. ఎందుకంటే గోడను ఆనుకున్న చోట గాలి కణాలు కదలవు, తరంగదైర్ఘ్యంలో పావు వంతు దూరంలో ఎక్కువగా కదులుతాయి, కదిలే గాలినే పీచు ఆపగలదు. 100 హెర్ట్జ్‌కు ఆ పావు వంతు సుమారు 86 సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్ల ఫోమ్ బేస్‌ను ఎందుకు ముట్టుకోలేదో చూడండి. పలుచని ఫోమ్‌తో గది నింపితే పై స్వరాలు మాత్రం చచ్చిపోయి, బేస్ అలాగే మిగిలి, డబ్బాలో కూర్చున్నట్టు వినిపిస్తుంది.

ఎక్కడ పెట్టాలి? ముందు మూలలు. గదిలోని అనునాదాలన్నిటికీ ఒత్తిడి మూలల్లోనే గరిష్ఠంగా ఉంటుంది, కాబట్టి నేల నుంచి పైకప్పు దాకా మూలలను మందంగా నింపండి. తరువాత పక్క గోడల మీద మొదటి ప్రతిఫలనం పడే చోటు. మీరు కుర్చీలో కూర్చుని, ఇంకొకరిని గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో స్పీకర్ కనబడిన చోట పలక పెట్టండి. పైకప్పు మీద కూడా అంతే. వెనక గోడ దగ్గర వేర్వేరు పరిమాణాల పుస్తకాలున్న అల్మరా ఉంటే శబ్దాన్ని కొంత చెదరగొడుతుంది. గది మొత్తం కప్పేయవద్దు. ఏ ప్రతిఫలనమూ లేని గదిలో పాడటం గాయకులకు ఎంతో కష్టం, తమ గొంతు తమకే వినబడక అవసరానికి మించి బలం పెడతారు.

నిప్పు గురించి ఒక మాట, దయచేసి దాటేయకండి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో శబ్దం కోసం గోడలకు అంటించిన పాలియురేథేన్ ఫోమ్‌కు బాణసంచా తగిలి మంటలు చెలరేగాయి, 100 మంది చనిపోయారు. పరుపుల్లో వాడే మామూలు ఫోమ్‌ను గోడలకు అంటించకండి. రాక్‌వూల్ మండదు, నా మొగ్గు దానివైపు ఉండటానికి ఇది పెద్ద కారణం.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలి?

రెండు స్పీకర్లు, మీ తల కలిసి సమబాహు త్రిభుజం కావాలి, భుజం ఒక మీటరు నుంచి ఒకటిన్నర మీటరు. ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండాలి. ఎడమ, కుడి గోడలకు దూరం సమానం. పొడవైన గదిలో చిన్న గోడకు ఎదురుగా కూర్చోండి, గది పొడవులో ముందు గోడ నుంచి నూటికి 38 వంతుల దూరం మంచి ఆరంభం. 4 మీటర్ల గదిలో అది ఒకటిన్నర మీటరు. సరిగ్గా నడిమధ్యన కూర్చుంటే కొన్ని బేస్ స్వరాలు అసలే వినబడవు, లేవనుకుని మిక్సులో పెంచేస్తారు.

స్పీకర్ వెనక గోడకు తగిలి తిరిగొచ్చే బేస్ కూడా ఒక స్వరాన్ని రద్దు చేసి అక్కడ గుంట తవ్వుతుంది. గోడకు మీటరు దూరంలో ఉంటే ఆ గుంట 86 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, పాటకు ప్రాణమైన చోటు అది. చిన్న గదిలో గోడకు వీలైనంత దగ్గరగా జరిపి, స్పీకర్ వెనకనున్న బేస్ తగ్గించే స్విచ్ వాడటమే మేలు. అప్పుడు గుంట పైకి జరిగి పలకలు దాన్ని సులువుగా పట్టుకుంటాయి. 5 అంగుళాల ఊఫర్ (బేస్ పలికే పెద్ద భాగం) చిన్న గదికి చాలు.

ఈక్వలైజర్‌తో (ఒక్కో స్థాయి స్వరాలను విడిగా పెంచి తగ్గించే సాధనం) గదిని సరిచేయలేమా?

ఉబ్బును కొంత తగ్గించవచ్చు. గుంటను నింపలేరు. రెండు తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్న చోట శబ్దం పెంచితే రెండూ పెరుగుతాయి, రద్దు అలాగే ఉంటుంది. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైకు ఉంటే మీ గది గ్రాఫును మీరే చూసుకోవచ్చు. పలక ఒక చోటి నుంచి మరో చోటికి జరిపి మళ్లీ కొలవండి. చెవితో తెలియని తేడా కంటికి కనబడుతుంది, కొన్నాళ్లకు చెవికే తెలియడం మొదలవుతుంది.

హెడ్‌ఫోన్లతోనే మిక్సింగ్ చేయవచ్చా?

చేయవచ్చు. సరిచేయని గదిలో మంచి స్పీకర్ల కంటే మంచి హెడ్‌ఫోన్లే నమ్మదగినవి. మిక్సింగ్‌కు వెనక తెరిచి ఉన్నవి, రికార్డింగ్‌కు మూసి ఉన్నవి. తెరిచినవి పెట్టుకుని పాడితే ట్రాక్ శబ్దం మైకులోకి కారుతుంది.

ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కు కలిపే పరికరం) ఏం చూడాలి? లేటెన్సీ అంటే ఏమిటి?

ఒకేసారి ఎంతమందిని రికార్డు చేస్తారో అన్ని ఇన్‌పుట్లు. ఒంటరిగా పనిచేసేవారికి రెండు చాలు, డ్రమ్స్‌కు ఎనిమిది కావాలి. మీ కంప్యూటర్‌కు సరైన డ్రైవర్ ఉందా అన్నది పెట్టె మీద రాసిన గొప్పల కంటే ముఖ్యం. విండోస్‌లో ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ తప్పనిసరిగా చూడండి.

పాడిన మాట కంప్యూటర్‌లోకి వెళ్లి హెడ్‌ఫోన్లలో తిరిగి వినబడటానికి పట్టే ఆలస్యమే లేటెన్సీ. శబ్దాన్ని సెకనుకు 48 వేలసార్లు కొలిచే 48 కిలోహెర్ట్జ్ దగ్గర, 128 కొలతల్ని (శాంపిళ్లను) పోగుచేసి పంపే బఫర్ అంటే ఒక దారికి 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ, మార్పిడి సమయం కలిపితే దానికి రెట్టింపు దాటుతుంది. ధ్వని గాలిలో మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే స్పీకర్‌కు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినంత. రికార్డింగ్‌లో బఫర్ తగ్గించండి, మిక్సింగ్‌లో పెంచండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటరింగ్ (గొంతును కంప్యూటర్ దాకా పంపకుండా నేరుగా హెడ్‌ఫోన్లకు ఇవ్వడం) ఉంటే గాయకులకు అదే హాయి.

ఏ మైకు కొనాలి?

గది ఇంకా సిద్ధం కాకపోతే డైనమిక్ మైకు. దగ్గరి శబ్దాన్ని పట్టుకుని దూరపు మోతను కొంత వదిలేస్తుందని అందరూ అంటారు. నిజానికి దాన్ని దగ్గరగా పెట్టి పాడతాం కాబట్టి గొంతు ముందుకొస్తుంది, గది వెనక్కి పోతుంది. షూర్ సంస్థ 1965లో తెచ్చిన ఎస్ఎం57, 1966లో తెచ్చిన ఎస్ఎం58 నేటికీ తయారవుతున్నాయి, పాడటానికీ వాయిద్యాలకూ రెండూ నమ్మకమైనవే. గది నిశ్శబ్దంగా, మోత లేకుండా మారాక పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి కంపించే పలుచని పొర) ఉన్న కండెన్సర్ మైకు తీసుకోండి. ఊపిరిలోని తేమ, పదాల చివరి అంచులు అది పట్టినట్టు డైనమిక్ పట్టదు.

మైకు ధర కంటే దాన్ని పెట్టే చోటు ఎక్కువ తేడా తెస్తుంది. కార్డియాయిడ్ మైకు ముందునుంచి బాగా వింటుంది, వెనకనుంచి అతి తక్కువ వింటుంది. కాబట్టి వీపు భాగాన్ని శబ్దం వచ్చే కంప్యూటర్ వైపు తిప్పండి. చాలామంది మైకు వెనక వంపు తిరిగిన ఫోమ్ తెర పెడతారు. కానీ మైకు చూస్తున్నది గాయకుడిని, గాయకుడి వెనకనున్న గోడను. మందపాటి దుప్పటి వేలాడదీయాల్సింది గాయకుడి వీపు వెనక. ఇది ఒక్కటి చేసి ముందు టేకుతో పోల్చి వినండి, ఆశ్చర్యపోతారు.

నోటికి, మైకుకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలి దెబ్బను ఆపే తెర). దగ్గరికి జరిగే కొద్దీ బేస్ పెరుగుతుంది. అది సన్నని గొంతుకు వరం, గంభీరమైన గొంతుకు బురద. ప, బ, భ అక్షరాల గాలి దెబ్బ ఎక్కువగా ఉంటే మైకును కాస్త పక్కకు తిప్పండి. గిటార్‌కు పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక అడుగు దూరం, నోరు తెరిచిన గుండ్రని రంధ్రం ముందు కాదు. వేణువుకు ఊదే రంధ్రానికి ఎదురుగా కాకుండా వేళ్లకు పైన. ఇద్దరికి రెండు మైకులు పెడితే, మైకుల మధ్య దూరం నోటికీ మైకుకూ ఉన్న దూరానికి మూడింతలైనా ఉండాలి. లేకపోతే రెండూ కలిపినప్పుడు గొంతు బోలుగా వినిపిస్తుంది.

కండెన్సర్ మైకులకు కరెంటు పంపే 48 వోల్టుల బటన్ నొక్కితే డైనమిక్ మైకు పాడవుతుందా?

సరైన బ్యాలెన్స్‌డ్ కేబుల్ ఉంటే పాడవదు. లోపల పలుచని లోహపు రిబ్బన్ ఉండే పాత రిబ్బన్ మైకుల విషయంలో మాత్రం జాగ్రత్త, కేబుల్‌లో లోపం ఉంటే రిబ్బన్ సాగిపోవచ్చు. ఏ మైకుకైనా నొక్కే ముందు స్పీకర్లు తగ్గించండి.

రికార్డింగ్ లెవెల్ ఎంత ఉండాలి? 96 కిలోహెర్ట్జ్ అవసరమా?

ఒక్కో శాంపిల్‌ను 24 బిట్ల అంకెగా రాసేటప్పుడు, గరిష్ఠ హద్దయిన సున్నాకు కింద సగటు మైనస్ 18 డెసిబెల్ దగ్గర, గట్టి చోట్ల మైనస్ 10 చుట్టుపక్కల ఉంటే హాయిగా ఉంటుంది. టేప్ రోజుల్లో హోరును కప్పడానికి లెవెల్ పైకి తోసేవారు, ఇప్పుడు ఆ అవసరం లేదు. 16 బిట్‌కు సుమారు 96 డెసిబెల్, 24 బిట్‌కు సిద్ధాంతంలో 144 డెసిబెల్ పరిధి ఉంది. సున్నా దాటితే మాత్రం తరంగం పైభాగం తెగిపోతుంది, మంచి టేకు పోతుంది. రిహార్సల్‌లో కంటే అసలు టేకులో అందరూ గట్టిగా పాడతారు, ఆ చోటు ముందే వదలండి.

శాంపిల్ రేటులో సగం దాకా స్వరాలు నమోదవుతాయి. చెవి వినగలిగేది సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకానే కాబట్టి 44.1 సరిపోతుంది. వీడియోతో కలిసేదైతే 48. మీ డిస్కును 96తో నింపే ముందు ఆ శ్రద్ధ మైకు చోటు మీద పెట్టండి.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

రీపర్, క్యూబేస్, లాజిక్, ప్రో టూల్స్, ఏబుల్టన్ లైవ్, ఆర్డర్ అన్నీ పాటను పూర్తిచేయగలవు. మాట రికార్డింగ్‌కు ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. ఒకటి ఎంచుకుని ఏడాది మారకండి.

ఇంట్లో చేసిన రికార్డింగ్ నిజంగా విడుదలకు పనికొస్తుందా?

వస్తుంది. టాస్కామ్ 1979లో పోర్టాస్టూడియో 144 అనే యంత్రం తెచ్చింది. మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు, ఒక చిన్న మిక్సర్, అంతే. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇంట్లో దాని మీద ముసాయిదాగా చేసుకున్న రికార్డింగులే 1982లో ఆల్బమ్‌గా విడుదలయ్యాయి. విడుదలకు ముందు పూర్తి బృందంతో మళ్లీ ప్రయత్నించినా, ఆ గదిలోని గొంతు దొరకలేదు. పెద్ద స్టూడియోలకు మీ గది సాటి రాని పనులు ఉన్నాయి: నలభై మంది వాయిద్యకారులు, గొప్ప పియానో, ఎత్తైన హాలు. అవి అవసరమైన రోజు అద్దెకు తీసుకోండి. కానీ ఒక గొంతును, ఒక వాయిద్యాన్ని, గడియారం చూడకుండా కావాల్సినన్నిసార్లు పట్టుకోవడంలో ఇంటి గదిని మించినది లేదు.

అద్దె ఇంట్లో ఉన్నాను, గోడలకు మేకు కొట్టలేను. ఎలా?

నిలబడే చట్రాల్లో పలకలు చేసుకోండి, ఇల్లు మారినప్పుడు వెంట వస్తాయి. బట్టలు నిండుగా ఉన్న అల్మరా తలుపులు తెరిచి దాన్ని వీపు వెనక ఉంచుకుని పాడండి. పరుపును గోడకు నిలబెట్టండి. బయటి శబ్దాన్ని ఆపలేరు కాబట్టి నిశ్శబ్దంగా ఉండే గంటల్ని ఎంచుకోండి. డ్రమ్స్ మాత్రం ఎలక్ట్రానిక్ కిట్ మీదే, దాని కింద కూడా రబ్బరు దిండు వేయండి. పెడల్ దెబ్బ గాలిలో వినబడకపోయినా స్లాబు గుండా కింది ఇంటికి చేరుతుంది.

ఎంత శబ్దంతో వింటూ పనిచేయాలి?

చిన్న గదిలో సుమారు 75 డెసిబెల్, పక్కవారితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగినంత. వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చూసే అమెరికా సంస్థ నియోష్ 85 డెసిబెల్ దగ్గర 8 గంటలు హద్దుగా పెట్టింది. ప్రతి 3 డెసిబెల్‌కు ఆ సమయం సగమవుతుంది: 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు. దెబ్బతిన్న వినికిడి తిరిగి రాదు. గంటకోసారి లేచి బయటికి వెళ్లండి.

ఫైళ్లు ఎలా దాచుకోవాలి?

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. అయిదు నిమిషాల పాటకు పది ట్రాకులంటే 430 మెగాబైట్ల పైచిలుకు, వదిలేసిన టేకులు అదనం. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వల మీద, ఒకటి ఇంటి బయట. పాట పూర్తయిన రోజే ప్రతి ట్రాకును మొదటి సెకను నుంచి చివరిదాకా విడి వేవ్ ఫైలుగా తీసి, పాట వేగం, శ్రుతి ఒక చిన్న పాఠ్యపు ఫైలులో రాసి పక్కన పెట్టండి. పదేళ్ల తరువాత ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకపోయినా ఆ ఫైళ్లు తెరుచుకుంటాయి.